నామం పోయింది, రూపం మిగిలింది

తెలుగు చిత్రకారుల పేర్లన్నీ అకారాదిగా ఒక పట్టికలో పెడదామని ఎవరైనా కూర్చుంటే మొదటి పూటే చిక్కు మొదలవుతుంది. దామెర్ల రామారావు ‘ద’లో, కొండపల్లి శేషగిరిరావు ‘క’లో, వడ్డాది పాపయ్య ‘వ’లో సులువుగానే సర్దుకుంటారు. పి.టి.రెడ్డి దగ్గర చేయి ఆగుతుంది. ఆయన పాకాల తిరుమల రెడ్డి, కాబట్టి మన లెక్కలో ‘ప’. ఇంగ్లిష్ పుస్తకాల వెనక సూచికల్లో మాత్రం ఆయన రెడ్డిగా ఒక చోట, రామారావూ శేషగిరిరావూ రావులుగా ఇంకో చోట, ఎవరెవరితోనో కలిసి కనిపిస్తారు. వాళ్ల ఇంటిపేర్లు కేవలం పొడి అక్షరాలైపోతాయి. ఇక బాపు సంగతి. సత్తిరాజు లక్ష్మీనారాయణ అని వెతికితే ఆయన ‘స’లో ఉండాలి, కానీ అక్కడ వెతికే తెలుగువాడు ఎక్కడుంటాడు?

ఇవన్నీ తేలిపోయే చిక్కులే. తేలనిది ఒకటుంది. దానికోసం కడప జిల్లా ముద్దనూరు మండలంలోని చింతకుంట దాకా వెళ్లాలి.

అక్కడి గుండ్ల మీద, గుండ్ల కింది నీడలో, వేల ఏళ్ల కిందటి మనుషులు వేసిన బొమ్మలున్నాయి. ఎరుపు, తెలుపు రంగులు. మూపురాల ఎద్దులు, జింకలు, విల్లు పట్టిన మనుషులు. ఊరివాళ్లు ఆ చోటును ఎద్దుల ఆవుల గుండు అంటారు. గుండుకు ఆ పేరు బొమ్మల్ని చూసే వచ్చింది. వేసినవాళ్ల పేరు మాత్రం ఏ నోటా లేదు. కర్నూలు వైపు ఓర్వకల్లు మండలం కేతవరం గుండ్ల మీది చిత్రాలదీ ఇదే స్థితి. తెలుగు నేల మీద మనకు తెలిసిన తొలి చిత్రకారులు వీళ్లే. పట్టికలో మొట్టమొదట రావాల్సినవాళ్లు. వీళ్లను ఏ అక్షరం కింద రాయాలి?

చింతకుంటకు పక్క మండలం ఎర్రగుంట్ల. అందులో కలమళ్ల ఉంది. అక్కడి చెన్నకేశవ ఆలయ ప్రాంగణంలోని శాసనం తెలుగు భాషలో దొరికిన తొలి శాసనమని, క్రీ.శ. 575 నాటిదని పండితుల లెక్క. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరు ఆ రాతి మీద ఉంది. ధనంజయుడు పొడుగో పొట్టో, మొహం ఎలా ఉండేదో, ఎవరికీ తెలియదు. రూపం పోయింది, పేరు మిగిలింది. చింతకుంటలో దీనికి సరిగ్గా తలకిందులు. ఒక పూట బస్సు ప్రయాణంలో రెండూ చూసి రావచ్చు.

ఎవరైనా సర్వనాశనమైతే తెలుగులో ‘నామరూపాల్లేకుండా పోయాడు’ అంటాం. ఆ మాట వేదాంతం నుంచి వాడుకలోకి దిగి వచ్చింది. లోకంలో కనిపించేదంతా నామం, రూపం, కర్మ అనే మూడేనని బృహదారణ్యకోపనిషత్తు చెబుతుంది. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు మట్టిముద్దను చూపించి చెబుతాడు. ఒక్క మట్టిముద్దను తెలుసుకుంటే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టే, కుండ అన్నదీ మూకుడు అన్నదీ నోటితో పెట్టుకున్న పేర్లే, నిజంగా ఉన్నది మట్టి అని. ఆ లెక్కన నామరూపాలు జంట. వస్తే కలిసి వస్తాయి, పోతే కలిసి పోతాయి. కడప జిల్లాలోని ఈ రెండు రాళ్లు మాత్రం ఆ జంటను విడదీసి మన ముందు పెట్టాయి. పేరు లేకుండా మిగిలిన రూపంలో చేసినవాడు ఎంతవరకు ఉన్నట్టు? అసలు ఉండాలని అతను అనుకున్నాడా?

దీనికి చాలాకాలంగా వినిపిస్తున్న జవాబు ఒకటుంది. మన పాత కళాకారులు పేరు కోరలేదు, పనిని దేవుడికి అర్పించారు, సంతకం చేయడం అహంకారమనుకున్నారు అని. ఈ ఆలోచనకు గొప్ప గొంతు ఇచ్చినవాడు ఆనంద కుమారస్వామి (1877–1947). ‘నేను’ నుంచి విడుదల కోరుకునే నాగరికతలోనే కళాకారుడి అనామకత్వం పుడుతుందని ఆయన వాదన. వింటే చేయెత్తి మొక్కాలనిపిస్తుంది. సీమలో దానికి సాక్ష్యమూ దొరుకుతుంది. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య వేల కీర్తనలు కట్టాడు. చివర ముద్రగా పెట్టింది వేంకటేశ్వరుడి పేరు. తన పేరు పెట్టుకోవాల్సిన చోట దేవుడి పేరు పెట్టడం తెలిసి, కావాలని చేసిన పని.

అయినా ఈ జవాబు మొత్తం నిజం కాదు. పొరుగున కర్ణాటకంలోకి అడుగుపెడితే బేలూరు ఆలయంలో దాసోజ, చావణ లాంటి శిల్పులు తమ పేర్లు చెక్కుకున్నారు. పట్టదకల్ విరూపాక్షాలయ శాసనంలో గుండ అనివారితాచారి పేరు బిరుదులతో సహా ఉంది. ఇంకా వెనక్కి, అశోకుడి కాలానికే వెళ్దాం. బ్రహ్మగిరి శాసనం చివర రాసిన లేఖకుడు చపడ తన పేరు పెట్టుకున్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ అశోకుడి శాసనాలున్నాయి. అక్కడ ఒక లేఖకుడు కొన్ని పంక్తుల్ని ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు, దుక్కి దున్నే ఎద్దు సాలు చివర తిరిగినట్టు తిప్పి తిప్పి చెక్కాడు. చేతివాటం ఇంత స్పష్టంగా కనిపిస్తున్నా పేరు లేదు. ఒకే రాజు, ఒకే కాలం, ఒకే రకం పని. ఒకడు పేరు రాసుకున్నాడు, ఒకడు రాసుకోలేదు. మొదటివాడిది అహంకారం, రెండోవాడిది వైరాగ్యం అని తీర్పు చెప్పడానికి మన దగ్గర ఏ ఆధారమూ లేదు.

లేపాక్షి పైకప్పు కింద తలెత్తి నిలబడినప్పుడు ఈ ప్రశ్న మరింత గట్టిగా గుచ్చుకుంటుంది. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించిన గుడి అది. పైకప్పు మీద బ్రహ్మాండమైన వీరభద్రుడు. ఆయన పాదాల దగ్గర ఎత్తు కుళ్లాయిలు పెట్టుకుని ఆ సోదరులే చేతులు జోడించి నిలబడ్డారు. దేవుడి పక్కన దాత రూపం ఉంది, శాసనాల్లో దాత పేరు ఉంది. ఆ కుళ్లాయి అంచు మీది జరీ పనిని, చీరల మీది గళ్లను, ఒక్కో పూసను మెడ వెనక్కి వాల్చి వేసిన చేతులకు ఏ పేరూ లేదు. డబ్బు పెట్టినవాడు దేవుడి సన్నిధిలో పేరు పెట్టుకోవడం భక్తి అయినప్పుడు, రంగు పెట్టినవాడు పెట్టుకుంటే అహంకారం ఎలా అవుతుంది? పేరు వద్దనుకోవడం వేరు, పేరు అడిగినవాళ్లే లేకపోవడం వేరు. మొదటిది సన్యాసం. రెండోదాన్ని కూడా సన్యాసమని పొగడడం, ఆ చేతుల పట్ల మనం చేస్తున్న రెండో అన్యాయం.

కర్నూలు నవాబుల కాలం చూసినా కథ ఇదే. గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఈస్టిండియా కంపెనీ దింపేసి తిరుచినాపల్లికి పంపేదాకా ఇక్కడ ఒక దర్బారు ఉండేది, దానికి చిత్రకారులూ ఉండేవారు. దక్కనీ చిత్రాల చరిత్రలో కర్నూలు శైలి అని వేరుగా చెప్పుకునేంత పని చేశారు. ఆ బొమ్మలు ఇప్పుడు ఎక్కడెక్కడి మ్యూజియంలలోనో ఉన్నాయి. చిత్రకారుడి పేరు రాయాల్సిన చోట చాలాసార్లు ఉండేది ‘కర్నూలు’ అన్న ఒక్క మాటే. నంద్యాల, నొస్సం ప్రాంతాల్లో లక్కపని, బొమ్మలపని చేసిన జీనగరలకూ అంతే. దొరల కాలపు నివేదికల్లో వాళ్ల ఊరు ఉంది, కులం ఉంది, పని మీద మెచ్చుకోలు ఉంది. మనిషి పేరు లేదు.

నవాబుల దర్బారులో చిత్రకారుణ్ణి పిలిచే మాట ముసవ్విర్. అల్లాకు ఉన్న పవిత్ర నామాల్లో అల్ ముసవ్విర్ ఒకటి, రూపాలిచ్చేవాడు అని అర్థం. దేవుడి పేరుతో పిలిపించుకుంటూ బొమ్మ కింద సొంత పేరు రాయడం చిన్న విషయం కాదు. మొఘల్ చిత్రకారులు దానికి ఒక దారి వెతుక్కున్నారు. పేరు రాశారు, పేరు ముందు బందా అని, అంటే దాసుడని, రాశారు. కొందరు తమ పేరును బొమ్మలోని పాదుషా పాదాల దగ్గరో, పాదపీఠం మీదో చిన్న అక్షరాల్లో ఇమిడ్చారు. పేరునూ వదులుకోలేదు, వినయాన్నీ వదులుకోలేదు.

సీమలో ఏ పల్లె గుడికి వెళ్లినా అదే మర్యాద కాళ్ల కింద కనిపిస్తుంది. గచ్చంతా కడప బండలు. వాటిలో కొన్నిటి మీద దాతల పేర్లు, ‘జ్ఞాపకార్థం’ అన్న మాట. భక్తుల పాదధూళి తగలాలని కోరి వేయించుకున్న బండలవి. మొదట గాట్లలో నింపిన రంగు పోతుంది. తర్వాత గాట్ల లోతు తగ్గుతుంది. ఆనక ఇంటిపేరులో రెండక్షరాలు, ఊరి పేరులో ఒకటి మాత్రమే చేతికి తగులుతాయి. వర్షానికి తడిసినప్పుడు మాత్రం ఒక్క క్షణం పూర్తి పేరు పైకి తేలినట్టు కనిపించి, ఆరగానే మళ్లీ పోతుంది.

పేరు తెలియనివాళ్లను ఏం చేయాలో మన కర్మకాండ ఏనాడో ఆలోచించి పెట్టింది. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లే పలుకుతారు. పైవాళ్లను పేరు పేరునా పిలవరు, అయినా వదిలేయరు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పమంటారు. చనిపోయిన తిథి తెలియనివాళ్లకు మహాలయ అమావాస్య ఉంది. తెలియకపోవడం వల్ల ఎవరికీ పిండం తప్పకూడదన్న పట్టుదల ఆ ఏర్పాటులో ఉంది. పండితుల పట్టికలకన్నా పురోహితుల పద్ధతి ఇక్కడ దయ గలది.

పురోహితులే ఒకసారి చిత్రకళా చరిత్రను మార్చేశారు కూడా. హిమాలయ కొండల పహాడీ చిత్రాలు వేసినవాళ్లెవరో తెలియక, వాటిని రాజ్యాల పేర్లతో గుర్తించేవారు, మన దగ్గర కర్నూలు అన్నట్టే. కళాచరిత్రకారుడు బి.ఎన్.గోస్వామి హరిద్వార్ పండాల దగ్గరికి వెళ్లాడు. అస్థికలు కలపడానికి వచ్చిన ప్రతి కుటుంబం పేర్లూ రాసిపెట్టే బహీలు తిరగేశాడు. గులేర్ నైన్‌సుఖ్, అతని తండ్రి పండిత్ సేవూ, అన్న మనకూ, వాళ్ల కొడుకులు, మనుమలు అందులో దొరికారు. శైలికి ఆధారం రాజ్యం కాదు, కుటుంబం అని 1968లో ఆయన రాసిన వ్యాసం ఆ రంగాన్నే కొత్త దారి పట్టించింది. చనిపోయినవాళ్ల కోసం రాసిన పుస్తకం చిత్రాల వెనకున్న ఇంటివాళ్లను మళ్లీ నిలబెట్టింది. మన జీనగరల ఇళ్లను, కర్నూలు ముసవ్విర్ల ఇళ్లను ఎవరైనా అంత ఓపికతో వెతికారా అన్న బాధ అప్పుడు కలగక మానదు.

సీమలో పేరు దక్కినవాళ్లూ ఉన్నారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును కాంతి అవతలికి కనిపించేంత పలచగా చేసి, సన్నని చిల్లులు కొట్టి, రంగులద్దే పని అది. ఆ పురస్కారంతో అతని వెనకున్న తరాల చేతులకూ ఒక అక్షరం దొరికినట్టయింది. ‘ద’ దగ్గర దామెర్ల పక్కనే దళవాయి. దామెర్ల వైపు రాజమండ్రి ఆర్ట్ స్కూలూ, దళవాయి వైపు నిమ్మలకుంట తోలుబొమ్మలాటా ఒకే అక్షరం కింద చేరాయి. ఇంగ్లిష్ సూచికలో వీళ్లిద్దరూ రావుల గుంపులో పడి, ఒకరికొకరు ఏమవుతారో తెలియకుండా పోయేవారు.

ఆ చేరిక మీదనే ఇంకాస్త ఆలోచిస్తే చింతకుంట చిక్కుకు దారి కనిపిస్తుంది. తెలుగు ఇంటిపేర్లలో ఎన్నో ఊరి పేర్లు. కొండపల్లి ఊరే, వడ్డాది ఊరే, కలంకారీకి పద్మశ్రీ అందుకున్న గురప్పశెట్టి ఇంటిపేరు జొన్నలగడ్డ కూడా ఊరే. ఊరు విడిచి వచ్చినవాణ్ణి ఏ ఊరివాడని అడిగి, ఆ ఊరినే అతని ఇంటికి పేరుగా పెట్టిన జాతి మనది. మనిషి పేరు తెలియకపోయినా ఊరు తెలిస్తే ఇంటిపేరు సగం తెలిసినట్టే. పేరును రాతి మీద వదలనివాళ్లను పట్టిక బయట నిలబెట్టాల్సిన పని లేదు. ‘వారు’ అన్న మాట కూడా మనకు ఎంత ఆదుకుంటుందో. ఆ బొమ్మలు వేసింది మగవాడో ఆడమనిషో, ఒకరో పదిమందో చెప్పకుండానే, తగ్గకుండా గౌరవమివ్వగలదు.

అందుకని ‘క’ తెరిచి, కొండపల్లికి ముందు ఒక వరుస పైన ‘కేతవరం వారు’ అని రాయాలి. ‘చ’ తెరిచి ‘చింతకుంట వారు’ అని రాయాలి. పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం రాసే కుండలీకరణం ఖాళీగా ఉంచాలి. రచనలు అన్నచోట మూపురం ఎద్దు, జింక, విల్లు పట్టిన మనిషి అని రాయాలి. రంగులు అన్నచోట ఎరుపు, తెలుపు. ఆ రెండు రంగులే ఈ రోజుకీ సీమ పల్లెల్లో గుడి ప్రహరీల మీద సున్నపు పట్టె, ఎర్రమన్ను పట్టెగా పక్కపక్కన కనిపిస్తాయి. జాతర ముందు రోజు ఒక మనిషి బొక్కెనలో సున్నం, ఇంకో బొక్కెనలో ఎర్రమన్ను కలుపుకుని గోడ పొడుగునా పట్టెలు దింపుకుంటూ పోతాడు. మూల తిరిగే చోట ఆగి, చేతికంటిన ఎరుపును అక్కడి రాయికి తుడుచుకుంటాడు. ఐదు వేళ్ల గుర్తు పడుతుంది.