దయ యుండిన చాలునా?

"ముసలివారికి సేవ చేయుటకు మనసుండిన చాలును, అందుకు వేఱొక చదువెందులకు?" అని ప్రశ్నించువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే. తల్లికి శుశ్రూష చేయు కుమారునకు ఎవ్వరును యోగ్యతాపత్ర మీయలేదు గదా!

అయినను దయయే కీడు చేయు సందర్భములు కలవు. తుంటియెముక విఱిగి శస్త్రచికిత్స జరిగిన వృద్ధు నొకని ఊహించుకొనుడు. పడిపోవునేమో యను జాలితో నర్సు ఆయనను మంచము దిగనీయదు. అన్నము తానే కలిపి నోటికందించును. కండ్లజోడు పగులునని బీరువాలో దాచును. రాత్రి ఆయన ఉన్నచోటు మఱచి కేకలు వేయగా నిద్రమాత్ర వేయును. ఇందు ఏ యొక్క పనియు దుర్బుద్ధితో జరిగినది కాదు. కాని మంచమున కంటుకొన్న ముదుసలి దేహమున కండలు కొలది దినములలోనే కరగును, పడకపుండ్లు లేచును. చూపునకు, వినికిడికి దూరమైన మనస్సు మఱింత కలతపడును. ఆ రాత్రి కలవరము మొండితనము కాదు. వైద్యులు డెలీరియమ్ అని పిలుచు వ్యాధిస్థితి. నిద్రమాత్ర దానిని తఱచుగా పెంచును.

1999లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యురాలు షారన్ ఇనౌయే, ఆమె సహచరులు 70 ఏండ్లు, ఆపై వయస్సుగల 852 మంది రోగులపై జరిపిన పరిశీలనను ప్రకటించిరి. కొందఱిని శిక్షితులైనవారు దినదినము నడిపించిరి, కండ్లజోడు, వినికిడి యంత్రము అందించిరి, నీరు త్రాగించిరి, తేదీయు స్థలమును గుర్తుచేయుచు మాటలాడిరి, నిద్రకు మాత్రకు బదులు వెచ్చని పాలిచ్చి వీపు నిమిరిరి. మామూలు వైద్యము పొందినవారిలో నూటికి 15 మందికి డెలీరియమ్ రాగా, వీరిలో అది 9.9కి తగ్గినది. ఈ చికిత్సలో మన అవ్వ లెఱుగనిది చాల తక్కువ. అయినను ఆసుపత్రిలో దానిని నేర్పవలసి వచ్చినది!

అంతకు పూర్వమే, 1935లో ఇంగ్లండునందు మార్జొరీ వారెన్ అను వైద్యురాలికి ప్రక్కనున్న పేదల వైద్యశాలలోని 714 మంది దీర్ఘరోగుల భారము అప్పగింపబడినది. ఏండ్ల తరబడి పడకకే పరిమితమైన వారిలో పలువురు ఆమె శిక్షణచే లేచి నడచిరి. కొందఱు ఇండ్లకు వెడలిరి.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న యొకటి కలదు. పడుదునని తెలిసియు పెరటివఱకు నడచెదనని వృద్ధుడు పట్టుబట్టినచో పరిచారిక యేమి చేయవలెను? వృద్ధునికి ఏది ముఖ్యమో మొదట ఆయననే యడుగుమని నేటి శిక్షణ బోధించును. ఆయన యెదుట కూర్చుండగా ఆయన రోగమును గూర్చి కుమారునితో మాత్రమే మాటలాడుట మన ఆసుపత్రులలో సాధారణము. దాసోహమునందు ఇచ్చువాని 'నేను' కరగవలెనందుము. "నీకేది మంచిదో నాకు తెలియు"నను మాటలో ఆ 'నేను' కరగలేదు, దయవేషము ధరించినది.

2010–11లో భారత ప్రభుత్వము ఆరంభించిన వృద్ధుల ఆరోగ్యరక్షణ జాతీయ కార్యక్రమమునందు సిబ్బంది శిక్షణయు నొక భాగము. మంచిదే. కాని రాత్రివేళ వార్డంతటికి ఒక్క నర్సే యున్నచో, ఎంత నేర్చినదైనను మంచపుకమ్మీలు పైకెత్తి మాత్ర వేయుటకంటె ఆమె యేమి చేయగలదు? అప్పుడు దోషము ఆమెదా, ఆమెకు తోడునీయని వారిదా? ఇంటినుండి యొకరు వచ్చి ఆ మంచముచెంత గంటసేపు కూర్చున్నను ఆమెకు ఊపిరి తిరుగును. అట్లు వచ్చినవారికి కండ్లజోడెక్కడ నున్నదో తెలిసియుండవలెను.