తొట్టి పిన్ను – తవక్కుల్



ఒక వ్యక్తి దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి వచ్చి, ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక వదిలేసి భారం వేయాలా అని అడిగాడు. ముందు కట్టమని, ఆ తర్వాతే భారం వేయమని ఆయన (స) బోధించారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. మన మస్జిదుల్లో దీన్ని తరచూ వింటూనే ఉంటాము. వింటున్నప్పుడు మన కళ్ళ ముందు ఎడారి మెదులుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒంటె ఎక్కడిది? మన ఇంటి ముందు నిలిచిన ట్రాక్టరు, దాని వెనుక తగిలించిన తొట్టి, ఇవే మన ఒంటె.

ఈ తొట్టిని కొందరు ట్రాలీ అంటారు, కొందరు ట్రక్కు అంటారు. పేరేదైనా దాన్ని ట్రాక్టరుతో కలిపి ఉంచేది బొటనవేలికంటే కాస్త లావుపాటి పిన్ను ఒక్కటే. ఆ పిన్ను పైకి ఎగిరిపోకుండా కింద ఒక చిన్న క్లిప్పు ఉండాలి. క్లిప్పు పోతే చాలామంది తీగ ముక్క చుట్టేస్తారు. పిన్నే పోతే దొరికిన బోల్టో, ఇనుప కడ్డీనో దూర్చి బయలుదేరతారు. సంక్రాంతి ముందు ధాన్యం బస్తాలతో, చెరకు కాలంలో రాజాం దాటి సంకిలి కర్మాగారం దారిలో, ఇసుక బరువుతో నాగావళి, వంశధార గట్ల మీద తొట్లు ఎలా ఊగుతూ పోతాయో మనం రోజూ చూస్తున్నదే. ప్రతి గుంతకూ, ప్రతి స్పీడ్ బ్రేకరుకూ ఆ పిన్ను పైకి ఎగురుతుంది. అరిగిన పిన్నుకు రంధ్రంలో ఆట ఎక్కువ. చాలా తొట్లకు సొంత బ్రేకులు ఉండవు కనుక, ఊడిన తొట్టి దేన్నయినా గుద్దుకున్నాకే ఆగుతుంది. సాలూరు ఘాట్ వంటి వాలులోనైనా, పదహారో నంబరు జాతీయ రహదారి మీదనైనా ఆ గుద్దుకునేది ఎవరిని? వెనుక సైకిలు మీద వస్తున్న కూలీని, బడి నుంచి తిరిగొస్తున్న పిల్లను.

దీనికి పట్టే సమయం రెండు నిమిషాలు. పిన్ను అడుగుదాకా దిగిందా, క్లిప్పు పడిందా అని చేత్తో పట్టి చూడాలి. పిన్ను ఊడినా తొట్టి విడిపోకుండా గొలుసు వేయాలి. తొట్టికి ఊతకాలు ఉంటే పైకి ఎత్తాలి. తర్వాత చిన్న గేరులో రెండడుగులు ముందుకు లాగి, దిగి మళ్ళీ చూడాలి. టీ కోసం ఆగినచోట ఇంకోసారి చూస్తే మరీ మంచిది. తగిలించేటప్పుడు ట్రాక్టరుకూ తొట్టికీ మధ్య పిల్లవాణ్ణి నిలబెట్టి పిన్ను దూర్చమనడం కూడా మన ఊళ్ళలో కనిపించే అలవాటే. అది మానాలి.

ప్రమాదం జరిగాక మన నోట వచ్చే మొదటి మాట, “తఖ్‌దీర్, ఏం చేస్తాం” అని. ఈ మాటకు హజ్రత్ ఉమర్ (రజి) ఎప్పుడో జవాబిచ్చారు. సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోట, ముందున్న ప్రాంతంలో ప్లేగు ప్రబలిందని తెలిసి ఆయన వెనుదిరగ నిశ్చయించారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక నిర్ణయం నుంచి మరో నిర్ణయం వైపుకే వెళ్తున్నామన్నది ఆయన జవాబు సారం. క్లిప్పు పెట్టడం తఖ్‌దీర్‌ను ఎదిరించడం కాదన్నమాట! పెట్టకపోవడాన్ని దైవనిర్ణయం మీదకు నెట్టడమే అపచారం.

దివ్యఖుర్ఆన్ నిసా సూరా 92వ ఆయతును గమనించండి. పొరపాటున ప్రాణం పోయినా అది ఊరికే వదిలేసే విషయం కాదు. మృతుని వారసులు క్షమిస్తే తప్ప వారికి రక్తపరిహారం చెల్లించాలి. హతుడు మనతో ఒప్పందం ఉన్న వేరే జాతివాడైనా అంతే. పైగా బానిస విముక్తి, అది కుదరకపోతే వరుసగా రెండు నెలల ఉపవాసాలు. తొట్టి ఊడిన సందర్భానికి ఏది ఎంతవరకు వర్తిస్తుందో ఉలమాలు చెప్పాలి. కానీ అరవై రోజుల ఉపవాసం ముందు రెండు నిమిషాల పని ఎంత?

ఇందులో డ్రైవరు ఒక్కడే బాధ్యుడు కాడు. ప్రతి ఒక్కరూ తమ కింద ఉన్నవారికి కాపరులేనని ప్రవక్త (స) బోధించారు. కొత్త పిన్ను కొనిమ్మని కూలి డ్రైవరు అడిగితే, “ఈ ట్రిప్పు కానివ్వు” అనే యజమాని ఆ కాపరితనాన్ని ఏం చేసినట్లు?

సరుకు తొట్టిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. అయినా పెళ్ళిళ్ళకు, ఉరుసులకు, కూలిపనులకు తీసుకువెళ్తూనే ఉన్నారు. 2018 జూన్‌లో తెలంగాణలోని వేములకొండ వద్ద కూలీల తొట్టి మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. అక్కడ పిన్ను ఊడిందని మేము అనడం లేదు. మనుషులతో నిండిన తొట్టి అదుపు తప్పితే ఏమవుతుందో చెబుతున్నాము, అంతే.

జుఖ్రుఫ్ సూరా 13, 14 ఆయతుల్లో నేర్పిన ప్రయాణ దుఆ మనలో చాలామందికి కంఠతా వచ్చు. వాహనాన్ని మన స్వాధీనం చేసింది అల్లాహ్ అని, దాన్ని లొంగదీసే శక్తి మనకు లేదని అందులో ఒప్పుకుంటాము. ట్రాక్టరు సీటు ఎక్కి ఆ దుఆ చదివే సోదరుడు, ఎక్కేముందు ఒకసారి వెనక్కి నడిచి పిన్ను మీద చెయ్యి వేసి రావాలి.