కుండలో పొదుపు, కంచంలో పొదుపు

పొదుపు మంచి గుణమా అని అడిగితే కాదనేవారు ఉండరు. దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొన్న దివ్యఖుర్ఆన్ (17:27), రెండు ఆయతుల తర్వాత, చేతిని మెడకు కట్టేసుకున్నట్టు ముడుచుకుపోవడాన్ని కూడా వారించింది (17:29). ఫుర్ఖాన్ సూరా కరుణామయుని దాసుల లక్షణాలు వివరిస్తూ, వారి ఖర్చు దుబారాకూ పిసినారితనానికీ నడుమ నిలకడగా ఉంటుందని తెలిపింది (25:67). ఇదంతా జుమా ప్రసంగాల్లో మనం వింటూనే ఉంటాం. కాని 'మధ్యేమార్గం' అనే మాట నోటికి ఎంత తేలికగా వస్తుందో, నెల ఇరవయ్యో తారీఖున బియ్యం డబ్బా ముందు నిలబడిన ఇల్లాలికి అంత తేలికగా దారి చూపదు. చేతిలో ఎంత ఉందో ఆమెకు తెలుసు. ఎవరి వాటా తగ్గించాలన్నదే ఆమె సమస్య. పొదుపు అంటే ఏదో ఒకటి తగ్గించడమే కదా! తగ్గించేది ఎవరిది? మిగిలింది ఎవరికి? ఈ రెండూ తేలకుండా ఒక ఇంటి పొదుపు పుణ్యమో పిసినారితనమో చెప్పలేం.

ఎవరి వాటా తగ్గని పొదుపు ఒకటుంది. ముందు దాని సంగతి చూద్దాం. ఎందుకంటే చాలా ఇళ్ళలో దీన్ని సగం కూడా చేయకుండానే మనుషుల వాటాలు కోయడం మొదలుపెడతారు.

కందిపప్పు అరగంట ముందు నానబెడితే త్వరగా ఉడుకుతుంది. కూర మీద మూత పెడితే మంట తగ్గించుకోవచ్చు. ఈ రెండు అలవాట్లతోనే 14.2 కిలోల సిలిండరు ఇంకొన్ని రోజులు ఎక్కువ వస్తుంది. బీరకాయ తొక్కు, సొరకాయ తొక్కు పచ్చడికి పనికొస్తాయని మన పెద్దవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇప్పుడు అవి చెత్తబుట్టకు పోతున్నాయి. రాత్రి మిగిలిన రొట్టెలు చిదిపి బెల్లం, కాస్త నెయ్యి కలిపితే పిల్లలకు మలీదా అవుతుంది. మన ఇళ్ళలో ఖట్టా, దాల్చా చింతపండు లేకుండా గడవవు కనుక, కొత్త పంట వచ్చే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఏడాదికి సరిపడా చింతపండు, ఎండుమిర్చి కొని, గింజ తీసి, ఎండబెట్టి, జాడీలకెత్తుకోవడం తెలివైన పని. నిల్వ చేసుకోవడం అల్లాహ్ పై భరోసా లేకపోవడమేమోనని కొందరు భక్తిపరులు సందేహిస్తారు. బనూ నజీర్ తోటల ఫలసాయం నుండి దైవప్రవక్త (స) తమ కుటుంబానికి ఏడాది గ్రాసం తీసి ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) తెలియజేశారు (బుఖారీ). అంతకంటే గొప్ప భరోసా ఎవరికుంటుంది?

నీటి విషయమూ ఇంతే. దైవప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో వుజూ చేసేవారు, ఒక 'సా' మొదలు ఐదు 'ముద్'ల నీటితో స్నానం చేసేవారు (బుఖారీ, ముస్లిం). ముద్ అంటే ఒక దోసిలి నిండా పట్టే కొలత, ముప్పావు లీటరు మించదు. సా అంటే నాలుగు ముద్ లు. ఈసారి వుజూ చేసేటప్పుడు కుళాయి కింద బకెట్టు పెట్టి చూడండి. ఎన్ని ముద్ లు పోయాయో బకెట్టే చెబుతుంది. వేసవిలో ట్యాంకరు కొనుక్కునే వీధుల్లో ఉన్నవారికి దాని ఖరీదు రూపాయల్లోనూ తెలుస్తుంది.

ఒకసారి దైవప్రవక్త (స) ఇంట్లో కూర అడిగితే సిర్కా తప్ప మరేమీ లేదన్నారు. ఆయన దాన్నే తెప్పించుకుని, సిర్కా ఎంత మంచి వ్యంజనమో చెబుతూ భోంచేశారు (ముస్లిం). కింద పడిన ముద్దను దుమ్ము దులిపి తినమని, షైతానుకు వదలవద్దని బోధించారు (ముస్లిం). ఇలాంటి పొదుపు ఎవరి కంచంలోనూ చెయ్యి పెట్టదు. తగ్గేది చెత్తబుట్ట వాటా మాత్రమే. దీన్ని కుండలో పొదుపు అందాం.

ఇక రెండోది, కంచంలో పొదుపు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఆకుకూరలు అమ్మే ముసలమ్మతో రెండు రూపాయల కోసం పది నిమిషాలు బేరమాడి, అదే సాయంత్రం ఏసీ దుకాణంలో అట్ట మీద అచ్చువేసిన ధర మారుమాట లేకుండా చెల్లించి వస్తాం. ఇంటికొచ్చి "ఇవాళ రెండు రూపాయలు మిగిల్చాను" అంటాం. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు మెతకగా ఉండే మనిషిని అల్లాహ్ కరుణించాలని దైవప్రవక్త (స) దుఆ చేశారు (బుఖారీ). పనిమనిషి జీతం మూడు రోజులు ఆలస్యం చేయడం, ఊరెళ్ళిన నాలుగు రోజులకు జీతం కోయడం కూడా కొన్ని ఇళ్ళలో పొదుపు పద్దులోనే చేరుతున్నాయి. ఇంకా విచారకరమైన సంగతి మరొకటి. ఫ్రిజ్ లో మూడు రోజులు మగ్గి, ఇంట్లో ఎవరూ ముట్టని కూర ఆమె చేతిలో పెట్టి సదఖా చేశామనుకుంటారు. మీరు కళ్ళు మూసుకుంటే తప్ప తీసుకోలేని నాసిరకాన్ని దైవమార్గంలో ఇవ్వాలని చూడకండన్న బఖరా సూరా హెచ్చరిక (2:267) సరిగ్గా ఆ గిన్నె గురించే అనిపిస్తుంది. ఇవ్వదలిస్తే మొదటిరోజే, వేడిగా ఉన్నప్పుడే ఇవ్వాలి. అప్పుడు ఫ్రిజ్ లో చోటూ మిగులుతుంది.

ఇప్పుడు ఇంటి లోపలి కంచాలు. మగవాళ్ళు, పిల్లలు, అత్తమామలు తిన్నాక గిన్నెలో మిగిలింది తినడం ఇల్లాలి ధర్మంగా మారిపోయింది. మాంసం వండిన రోజు ఆమెకు దక్కేది పులుసు, ఎముక. పాలు తక్కువైన రోజు ఆమె గ్లాసే ఖాళీ. దీన్ని త్యాగమని పొగుడుతాం కనుక ఆమె కూడా నోరెత్తదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ లోనూ తెలంగాణలోనూ 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. దానికి కారణాలు అనేకం. చివరగా, మిగిలింది తినడం వాటిలో ఒకటి కాదని మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ హజ్రత్ హింద్ బిన్తె ఉత్బా (రజి) ఉదంతాన్ని ఆగి ఆలోచించాలి. ఆమె భర్త అబూ సుఫ్యాన్ (రజి) ఖురైషు నాయకుల్లో ఒకరు, వర్తకుడు. ఆయనకు లేమి లేదు. ఆమె దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తన భర్త చేతి బిగువు మనిషి అనీ, తనకూ పిల్లలకూ సరిపడా ఇవ్వడనీ, ఆయనకు తెలియకుండా తీసుకుంటే తప్ప గడవదనీ విన్నవించుకున్నారు. దైవప్రవక్త (స) ఆమెకు సహనం బోధించి పంపలేదు. మీకూ పిల్లలకూ సరిపడినంత, ధర్మసమ్మతమైన రీతిలో తీసుకోమని అనుమతించారు (బుఖారీ, ముస్లిం). ఇందులో రెండు అంశాలున్నాయి. భార్యాబిడ్డల తిండీ బట్టా భర్త దయతో ఇచ్చేది కాదు, వారి హక్కు. అందులోంచి కోసి అతను కూడబెట్టింది పొదుపు అనిపించుకోదు, బాకీ అనిపించుకుంటుంది. రెండోది, ఆమెకిచ్చిన అనుమతికి హద్దుంది. సరిపడినంత. పట్టుచీరకో పొరుగింటివారితో పోటీకో ఆ హదీసును సాక్ష్యం తెచ్చుకోలేం. ఇంటికి ఖర్చుపెట్టే దీనారు అన్నిటికంటే ఎక్కువ పుణ్యం తెచ్చేదన్న ప్రవక్త బోధన (ముస్లిం) భర్తలకు గుర్తుంటే, కలిగినవాడు తన కలిమిని బట్టి, ఇరుకులో ఉన్నవాడు తనకున్నదాన్ని బట్టి ఖర్చు పెట్టాలన్న తలాఖ్ సూరా ఆదేశం (65:7) భార్యలకు గుర్తుంటే సగం తగాదాలు తీరతాయి.

"మరి ఆకలిగా ఉండి ఇతరులకు పెట్టడం విశ్వాసుల గుణం కాదా?" అని కొందరు సోదరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. హష్ర్ సూరా (59:9) అన్సారులను ఆ గుణానికే ప్రశంసించింది. ఆ సందర్భంగా చెప్పే ఉదంతం అందరికీ తెలుసు. ఒక అన్సారీ సహాబీ ప్రవక్త (స) అతిథిని ఇంటికి తీసుకెళ్ళారు. ఉన్నది పిల్లల తిండి మాత్రమే. దంపతులు పిల్లల్ని నిద్రపుచ్చి, దీపం ఆర్పి, తామూ తింటున్నట్టు నటిస్తూ అతిథికి వడ్డించారు (బుఖారీ). పెద్దలు తమ వాటా వదులుకున్నారు, అది సరే. పిల్లల వాటా వదిలే అధికారం వారికెక్కడిది? ఈ చిక్కును మన పండితులు దాటవేయలేదు. ఆ పిల్లలు నిజంగా ఆకలితో అలమటిస్తున్నవారు కారనీ, ఆకలి లేకున్నా పిల్లలు అలవాటుగా అడుగుతుంటారనీ, హాని కలిగేంత ఆకలే ఉంటే అతిథికంటే ముందు వారికి పెట్టడమే విధి అయ్యేదనీ ఇమామ్ నవవీ (రహ్మలై) వివరించారు. అంటే త్యాగం ఎవరికి వారు తమ వాటాలోంచి చేసేది. ఇంకొకరి వాటాను వారి తరపున మనం త్యాగం చేయలేం. ఇల్లాలు ఒక పూట తానుగా వదులుకుంటే అది ఆమె ఔదార్యం. ప్రతి పూటా ఆమె వదులుకుంటుందని ఇల్లంతా లెక్క వేసుకుని కూర్చుంటే దాన్ని ఈసార్ అనలేం. అందరూ ఒకేసారి కూర్చుని, ముందుగా పంచుకుని తినడం ఖర్చులేని సంస్కరణ. ఇద్దరి తిండి ముగ్గురికి సరిపోతుందన్న ప్రవచనం (బుఖారీ, ముస్లిం) కలిసి తినేవారి విషయంలోనే అర్థమవుతుంది.

మిగిల్చిన దాని గమ్యం సంగతి. ఏడాదంతా పైసా పైసా కూడబెట్టి రమజాన్ లో, అదీ ఉపవాసాల నెలలో, తక్కిన నెలలకంటే ఎక్కువ సరుకుల బిల్లు చెల్లించే ఇళ్ళున్నాయి. ఖర్జూరం, నీళ్ళతో దైవప్రవక్త (స) ఇఫ్తార్ చేసేవారు. మన దస్తర్ ఖాన్ మీద బజ్జీలు, సమోసాలు, హలీం, మూడు రకాల షర్బతులు! పెళ్ళిళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. హజ్రత్ సఫియ్యా (రజి)తో వివాహమైనప్పుడు ప్రవక్త (స) వలీమా విందులో ఖర్జూరం, జున్ను, నెయ్యి వడ్డించారు (బుఖారీ). ఆ ఉమ్మత్ వారమే మనం ఫంక్షన్ హాలు కోసం బంగారం కుదువపెట్టి వడ్డీ కడుతున్నాం. పదేళ్ళు చింతపండు గింజలు లెక్కపెట్టిన పొదుపు ఒక్క రాత్రి వడ్డీ పద్దులోకి మారిపోతుంది.

కూడబెట్టిన బంగారానికి జకాత్ ఉందన్న సంగతి కూడా తరచుగా మరుగున పడుతోంది. ఏడున్నర తులాల బంగారం ఒక చాంద్రమాన సంవత్సరం దగ్గరుంటే రెండున్నర శాతం జకాత్ విధి. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ధరించే నగలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇది 11.66 గ్రాముల పాత తులం లెక్క, అంటే సుమారు 87.5 గ్రాములు. ఇప్పటి బజారు తులం 10 గ్రాములే కనుక తులాల్లో కాక గ్రాముల్లో తూచుకోవడం మేలు. ఆ రెండున్నర శాతం పేదల వాటా. దాన్ని ఇవ్వకుండా మిగుల్చుకున్నది కూడా కంచంలో పొదుపే, కాకపోతే ఆ కంచం మనకు కనిపించదు.

వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసే అలవాటు మన పెద్దల ఇళ్ళలో ఉండేది. పిడికిట్లో 50 గ్రాములు పడతాయనుకుంటే రోజుకు రెండు పూటలా కలిపి నెలకు 3 కిలోలు. తినే అందరి వాటాలోంచీ నాలుగు మెతుకులు తగ్గుతాయి, ఎవరికీ తెలియదు. హజ్రత్ అబూజర్ (రజి)కి దైవప్రవక్త (స) చెప్పిన సలహా కూడా ఇలాంటిదే: పులుసు వండినప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమన్నారు (ముస్లిం). అలా చేస్తే పులుసు యజమానికీ, ఇల్లాలికీ, పిల్లలకూ అందరికీ సమానంగా పలచబడుతుంది. ఏ ఒక్కరి గిన్నె ఖాళీ కాదు, పైగా ఒక గిన్నె బయటికి వెళుతుంది.

అపార్ట్ మెంట్ లో ఇరుగుపొరుగు నలభై ఇళ్ళుంటే ఆ గిన్నె ఎవరికివ్వాలన్న సందేహం రావచ్చు. ఇద్దరు పొరుగువారుంటే కానుక ఎవరికి పంపాలని హజ్రత్ ఆయిషా (రజి) అడిగారు. ఎవరి గుమ్మం నీకు దగ్గరగా ఉంటే వారికి అని దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు (బుఖారీ).