గీత ఎవరు గీయాలి?



మనకు సముద్రం దూరం. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలవాళ్లం కంభం చెరువు నిండితేనే సముద్రాన్ని చూసినంత సంబరపడతాం. ఓడల భద్రత సంగతి మనకెందుకు అని మీరు అనవచ్చు. కాని 2017 నవంబరు 12, ఆదివారం సాయంత్రం ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణా నదిలో పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది మన ఒంగోలువాసులే. ఆ పడవకు అనుమతి లేదు. మోయగలిగినదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారు.

ఈ పాపం ఎవరిది? ఎక్కేవాళ్లు చూసుకోవద్దా అనడం తేలిక. కాని వాళ్లేమి చూడగలరు?

మన పలకల లారీ డ్రైవర్లకు తెలుసు: బరువు కింద ఉంటే బండి నిలుస్తుంది, పైకి పేర్చినకొద్దీ మలుపులో తూలుతుంది. పడవా అంతే. పైగా పడవలో బరువు కదులుతుంది. నలుగురు లేచి ఒక పక్కకు వస్తే అటు ఒరుగుతుంది. అంచు ఇంకా నీటికి పైనే ఉంటే తిరిగి నిలదొక్కుకుంటుంది. అంచు మునిగిందా, నీళ్లు లోపలికొస్తాయి, ఇక లేవదు. ఎక్కే ప్రతి మనిషీ ఆ అంచును కొంచెం కిందికి దించుతాడు. ఎక్కడ ఆగాలో ప్రయాణికుడికి తెలియదు. తెలిసినవాడికేమో ప్రతి మనిషీ ఒక టిక్కెట్టు.

నూటయాభై ఏళ్లనాడు ఇంగ్లండులో ఇదే జరిగింది. మితిమీరి సరుకు నింపిన ఓడలు నావికులతోసహా మునిగేవి. యజమానులకు బీమా సొమ్ము అందేది. పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్సాల్ పోరాడగా 1876లో చట్టం వచ్చింది: ఓడ పక్కన గీత గీయాలి, నీరు ఆ గీత దాటకూడదు. అయితే గీత ఎక్కడ గీయాలో యజమాని ఇష్టానికే వదిలేశారు! 1890లో గాని ఆ లోపం సరిదిద్దలేదు. ఇప్పుడు ఒడ్డున నిలబడిన కూలివాడు కూడా ఓడ బరువు మించిందో లేదో చూడగలడు.

అపోస్తలుల కార్యములు 27వ అధ్యాయం గుర్తుంది గదా! ప్రయాణం అపాయమని ఖైదీగా ఉన్న పౌలుగారు హెచ్చరించారు. శతాధిపతి మాత్రం ఓడ నడిపేవాని మాట, ఓడ యజమాని మాటే విన్నాడు. తరువాత తుఫానులో సరుకంతా సముద్రంలో పారవేయవలసివచ్చింది. 276 మందీ బతికారు, ఓడ మాత్రం దక్కలేదు.

కనుక హద్దును లాభం పొందేవాడు నిర్ణయించకూడదు. ప్రాణం పణంగా పెట్టేవాడికి అది కనబడాలి. జనం రాకముందే నిర్ణయం కావాలి. వచ్చాక మొహమాటమే గెలుస్తుంది.

ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు మన విచారణల నుండి వ్యాన్లు బయలుదేరతాయి. వ్యాను మాట్లాడే పెద్దలారా, బాడుగకన్నా ముందు ఎంతమంది పడతారో అడగండి. ఆ సంఖ్యను గుడి బోర్డు మీద అందరికీ కనిపించేలా రాయండి. "ఇంకొక్కరే గదా" అన్నప్పుడు ఆ బోర్డు చూపండి. అయితే ఆగిపోయేది ప్రతిసారీ పేదవాడే కాకూడదు. మిగిలినవారి బస్సు చార్జీ అందరూ కలిసి వేసుకోండి. తలా పది రూపాయలతో పోయేదానికి ప్రాణాలు పణం పెట్టడమెందుకు?