ఏకాంతపు మెట్టు

ఆదిలాబాదు జిల్లా ఇచ్చోడ నుండి తిరుమలకు కాలినడకన మొక్కుకొన్న భక్తునికి కొండయెక్క రెండు దారులు కలవు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. యాత్రికుల సందడి మెండు. శ్రీనివాసమంగాపురము చేరువనున్న శ్రీవారిమెట్టు దారిలో 2,388 మెట్లు. నిటారైనను అలికిడి తక్కువ.

స్వామిని ఏకాగ్రతతో స్మరించుటకై రెండవదానిని కోరుట దోషము కాదు. కాని తోడి భక్తుల గోవిందనామ ఘోషకే విసిగి కోరినచో అది భక్తి యగునా? గోష్ఠీపూర్ణుల వద్ద రహస్యముగా పొందిన తిరుమంత్రమును రామానుజులు గోపురమెక్కి అందరికిని చాటిరని సంప్రదాయము చెప్పుచున్నది.

ఏ దారిన ఎక్కినను చివరకు నిలువవలసినది ఒకే వరుసలో. అచట అలసిన వృద్ధురాలికి చోటిచ్చినవానికే ఆ దారిలోని నిశ్శబ్దము ఫలించినట్లు.