పెద్దల చదువు: ఉపకారమా, హక్కా?

చదువురాని పెద్దలకు చదువు చెప్పడం పుణ్యకార్యమని అందరూ ఒప్పుకుంటారు. మరి తరగతి వేళను, తొలి పాఠాన్ని నిర్ణయించే హక్కు ఎవరిది?

కొల్లేటి గ్రామాల్లో చేపల చెరువుల మీద బతికేవారిని చూడండి. పట్టుబడి రోజు తెల్లవారకముందే వల లాగాలి. కాపలావారికి రాత్రంతా మెలకువే. మనకు వీలైన వేళకు తరగతి పెట్టి, వారు రాకపోతే శ్రద్ధ లేదని నిందించడం న్యాయమేనా?

అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలని వచ్చిన సందర్భాన్ని అబస సూరాలో చదువుతాం. పలుకుబడి గల పెద్దలకన్నా, తపనతో వచ్చిన సామాన్యునికే ప్రాధాన్యమని అల్లాహ్ అక్కడ బోధించాడు. స్త్రీలు తమకొక రోజు కావాలని కోరినప్పుడు దైవప్రవక్త (స) వారికోసం ప్రత్యేకంగా ఒక రోజు నిర్ణయించారు. అడిగింది నేర్చుకునేవారే!

ఇక పాఠం సంగతి. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో అక్షరాలతోపాటు మహిళల కష్టాలు కూడా చర్చకు వచ్చాయి. దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. ఆ పోరాటం వ్యాపించి, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

"కాటా చీటీలు, కూలి లెక్కలు నేర్పుతూ కూర్చుంటే దీన్ చదువు వెనకబడదా?" అని కొందరు అడుగుతారు. తూకంలో మోసాన్ని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా ఖండించింది. తన చీటీని తాను చదువుకోగలిగినవాడు తన హక్కును కాపాడుకుంటాడు. అది దీన్‌కు వెలుపలి విషయం కాదు.

కనుక తరగతి ప్రారంభించే ముందు ఇంటింటికీ వెళ్లి రెండు మాటలు అడుగుదాం: మీకు ఏ వేళ వీలు? ఏ కాగితం చదవాలని ఉంది? అల్లాహ్ మనకు ఆ వినయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.