కనుగొన్నదెవరు?

కమలాపురంలో మా అవ్వ రోట్లో ఎర్రకారం నూరుతుంటే, మిరప మన పంట కాదని ఒకసారి చెప్పాను. "ఏ ఊరిదైతే ఏమి? ఏటా గింజ ఎత్తిపెట్టింది నేను గదా!" అనింది. అప్పుడు నవ్వేశాను.

యాత్రాకథనాలు చదువుతున్నప్పుడు ఆ మాట మళ్లీ తగిలింది. 1492లో కొలంబస్ ఆసియా బంగారం, సుగంధద్రవ్యాల కోసం బయల్దేరి కరీబియన్ దీవులు చేరేసరికే అక్కడి తైనో ప్రజలు మిరప పండిస్తున్నారు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు దాన్ని మన పడమటి తీరానికి తెచ్చాయి. మనం మిరియం పేరే దానికీ తగిలించాం. ఈలోగా హిస్పానియోలా దీవిలో బంగారు గనుల వెట్టి, ఆకలి, 1518లో వచ్చిన మశూచి తైనోలలో అత్యధికుల్ని మింగేశాయి.

మన పాఠాల్లో మాత్రం ఆయన 'కనుగొన్నాడు'. తెలుగులో కనడమంటే చూడడమూ, ప్రసవించడమూ. ఒడ్డున దిగి చూసినవాడికే ఆ క్రియ ఎందుకు దక్కాలి? గింజ ఏరి, దాచి, ఆ పంటను కన్నవాళ్ల పేరు ఒక్కటీ మిగల్లేదు.

తైనోలు అంతరించారని నేనూ క్లాసులో చెప్పినదాన్నే. తాము తైనోలమని చెప్పుకునేవాళ్లు ప్యూర్టోరికోలో ఇవాళా ఉన్నారు. నా నోట్సు దిద్దుకున్నాను. కారం మానలేను, మానడం పరిహారమూ కాదు. ఈ రుణం ఎవరికి, ఎలా తీర్చాలో నాకింకా తేలలేదు.